ఆరాక తియ్యాలి

ల్యాబులో మూడో కుళాయి తిప్పగానే నూనె సీసాలో ఒక బుడగ లేచింది. తర్వాత ఇంకొకటి. పిన్ని అటు చూడలేదు, చెవి ఒగ్గి విన్నది. బుడగకీ బుడగకీ మధ్య ఒక ఊపిరి పట్టాలి. పట్టింది. అంటే గొట్టాల్లో గాలి లేదు, నైట్రోజన్ ఒక్కటే ఉంది. తడిగుడ్డ తీసుకుని బల్ల అంచు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

టైము ఎనిమిదీ నలభై. ఇంకో ఇరవై నిమిషాల్లో ఆమెని దొంగ అని తేల్చడానికి ఒక మనిషి వస్తాడు.

దొంగ అన్న మాట ఎవరూ అనలేదు. "పదార్థం తయారీ మొత్తం ఒకే సహాయకురాలి చేతుల మీదుగా జరిగినట్టు తెలుస్తోంది" అని మాత్రం ఆయన ముందుగా పంపిన ఉత్తరంలో ఉంది. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని అక్కడ డాక్టరేటు చేస్తున్న స్కాలరమ్మాయి చదివి, తెలుగులో చెప్పి, తల దించుకుంది. ఇరవై ఆరేళ్ళు గాజు సామాను కడిగిన మనిషికి మరక ఎక్కడుందో ఇంకొకరు చూపించనక్కర్లేదు.

ఆ గదిలో తయారయ్యే పదార్థం చూడటానికి నల్లటి చిన్న స్ఫటికాలు. నడుమ ఇనుము ఉంటుంది, ఒక పక్క గంధకం, ఇంకో పక్క నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. బయట గాలి తగిలితే ఆ వాయువు గోధుమరంగు పొగై గొంతు పట్టేస్తుంది. ఒంట్లో మాత్రం, సరైన మోతాదులో, మూసుకుపోయిన సన్నటి రక్తనాళాలని తెరుస్తుంది. చక్కెర జబ్బువాళ్ళ కాళ్ళకి ఎన్నాళ్ళకీ మానని పుళ్ళుంటాయి. వాటి మీద ఈ పదార్థాన్ని పల్చటి పొరలా పరిస్తే, ఇనుము తన పట్టు కొంచెం కొంచెంగా సడలిస్తూ వాయువుని వదులుతుంది. అప్పుడు పుండుకి రక్తం అందుతుంది. స్కాలరమ్మాయి నాలుగేళ్ళ చదువు ఈ ఇనుము పట్టు మీదే ఆధారపడి ఉంది.

నిరుడు పేపరు అచ్చయింది. అది చూసి వేరే సంస్థలో ఒకాయన అచ్చం అందులో రాసినట్టే నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ తుప్పే వచ్చింది. ఉత్తరాలు నడిచాయి. చివరికి ఆ ఒకాయనే పరిశీలకుడై వచ్చి, నిన్న తన కళ్ళ ముందే రెండు ఫ్లాస్కుల్లో ద్రావణం కలిపించి, మూతల మీద టేపు వేసి, టేపు మీద సంతకం పెట్టి, ఫ్రిజ్ తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాడు. ఇవాళ వాటిని తెరిచి స్ఫటికాలు తియ్యాలి. ఇవాళ కూడా తుప్పే అయితే పేపరు వెనక్కి పోతుంది, పేపరుతో పాటు అమ్మాయి డాక్టరేటూ పోతుంది. ఇన్నాళ్ళూ సీసాల్లో ఏం వేసి ఇచ్చావని పిన్నిని అడుగుతారు.

పిన్ని పొట్టి మనిషి. వయసు యాభై ఎనిమిది. కుడిచేతి బొటనవేలి గోరు ఆమ్లం తగిలి ఎప్పటికీ పసుపుపచ్చగా ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పుల వల్ల కింద అరలో వస్తువు కావాలంటే వంగదు, స్టూలు జరుపుకుని కూర్చుని తీస్తుంది. బూడిదరంగు కోటు ఎడమ జేబు రెండుసార్లు కుట్టించింది, మూడోసారి పిన్నీసు పెట్టేసింది. మొట్టమొదట వచ్చిన స్కాలరొకడు పిన్నీ అని పిలిచాడు. ఆ పిలుపు అతనితో పోకుండా గదిలో ఉండిపోయింది. ఆమెకన్నా రెండేళ్ళు పెద్దదైన ప్రొఫెసరు కూడా పిన్నీ అనే పిలుస్తుంది.

పొద్దున బయల్దేరుతుంటే అక్క కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే అడిగింది. "ఏమే, ఇవాళ ఎవరో చూడ్డానికొస్తున్నారటగా?"

"నన్ను కాదులే. నా సీసాని."

"నయం. నిన్నైతే ముప్పయ్యేళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు."

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. బావ పోయాక పంతొమ్మిదేళ్ళుగా అక్కాచెల్లెళ్ళిద్దరే అందులో ఉంటున్నారు. అక్క ఊళ్ళోవాళ్ళ కిటికీలకి కర్టెన్లు కుడుతుంది. తమ కిటికీకి మాత్రం పాత దుప్పటి.

సరిగ్గా తొమ్మిదింటికి తలుపు తెరుచుకుంది. పరిశీలకుడు సన్నటి మనిషి. చేతిలో గట్టి అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన కాగితాలు. వెనకాల ప్రొఫెసరు. ఆవిడ వెనక, రాత్రంతా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్న స్కాలరమ్మాయి.

"మొదటి ఫ్లాస్కు ఈ అమ్మాయి తీస్తుంది. పేపర్లో ఉన్నది ఉన్నట్టు. ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు," అన్నాడాయన. "రెండోది ఈవిడ తీస్తారు, తన అలవాటు ప్రకారం. నేను అడిగితే తప్ప మీరిద్దరూ నోరు విప్పకూడదు. ముఖ్యంగా ఒకరితో ఒకరు."

"దగ్గొస్తేనండీ?" అంది పిన్ని.

"దగ్గొచ్చు."

టేపులు చూసుకున్నాడు. సంతకాలు చెదరలేదు. రెండో ఫ్లాస్కుని ఐసు నింపిన డబ్బాలో దింపి, పైన గుడ్డ కప్పించాడు. పిన్ని గోడవార స్టూలు మీద కూర్చుంది. ఆ గోడ నడుము దాకానే ఇటుక, పైన అంతా అద్దం. అద్దానికి అవతల మొక్కల మీద పరిశోధన చేసేవాళ్ళ గది ఉంది. అరల నిండా నారు, నారు మీద వరసగా ఊదారంగు దీపాలు. ఆ వెలుగు అద్దం దాటి వచ్చి ఈ బల్ల మీద సగం దాకా పడుతుంది. అక్కడ పనిచేసేవాళ్ళ చేతులు కూడా ఊదాగా కనిపిస్తాయి.

స్కాలరమ్మాయి పేపరు గట్టిగా చదువుతూ ఒక్కో పని చేసింది. వడకట్టింది. చల్లటి ఈథరుతో కడిగింది. స్ఫటికాలు బాగానే వచ్చాయి, నల్లగా, కదిపితే అంచుల్లో ఎర్రటి మెరుపుతో. వాటిని వాక్యూమ్ పంపుకి తగిలించింది. పంపు మూలగడం మొదలుపెట్టింది.

అయిదు నిమిషాలైంది. పది అయింది. పంపు ఆగలేదు.

పిన్ని స్టూలు మీద కొంచెం ముందుకి జరిగింది. ఈ పిల్ల పంపుతో ఎందుకింతసేపు లాగుతోంది? ఈథరు వాసన పోతే చాలు, నిమిషం పని. ఇంకా లాగితే స్ఫటికంలో ఇరుక్కుని ఉన్న ద్రావకం బయటికొచ్చేస్తుంది, దాని వెనకే వాయువూ జారిపోతుంది. పిన్నికి ఇది ఏ పుస్తకమూ చెప్పలేదు. మొదటి ఏడాది పదకొండు సీసాలు పాడుచేసుకుని తెలుసుకుంది.

ఇరవై నిమిషాలకి ఎర్రటి మెరుపు పోయింది. నలభై నిమిషాలకి నలుపు అంచుల్లో గోధుమరంగు తొంగిచూసింది. అమ్మాయి కళ్ళు ఆ గొట్టం మీదే ఉన్నాయి, చేతులు మాత్రం కదలడం లేదు. భయపడి మరిచిపోయిందేమో అనుకుంది పిన్ని. నోరు తెరిచింది. పరిశీలకుడు కాగితం మీంచి తలెత్తకుండానే చూపుడువేలు ఎత్తాడు. పిన్ని దగ్గింది. అమ్మాయి ఇటు తిరగలేదు. మళ్ళీ దగ్గింది.

"మంచినీళ్ళు తాగండి," అన్నాడాయన.

పంపు నాలుగు గంటలు నడిచింది. పిన్ని కూర్చున్న చోటినుంచి కదలకుండా, ఒక పదార్థం చచ్చిపోవడం మొదటినుంచి చివరిదాకా చూసింది. పన్నెండున్నరకి ప్రొఫెసరు లేచి బయట వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచి వచ్చింది.

ఒంటిగంటకి పరిశీలకుడు కుర్చీ ఇటు తిప్పాడు. "మీరు మొదలుపెట్టరా?"

"ఇంకా ఆరలేదండి."

ఆయన ఐసు డబ్బా మీద గుడ్డ తొలగించి చూశాడు. "ఇందులో ద్రావణం అలాగే ఉంది కదా. ముందు వడకట్టాలి, తర్వాత కదా ఆరేది?"

"కాదండి. ఆరాకే వడకట్టడం."

"ఆరాక వడకట్టడానికి ఏం మిగులుతుందమ్మా?"

"అన్నీ మిగుల్తాయండి. ఆరకముందు తీస్తేనే ఏమీ మిగలదు."

ప్రొఫెసరు నుదురు రుద్దుకుంది. పరిశీలకుడు గొంతు ఇంకా మర్యాదగానే ఉంది. "సరే. ఎంతసేపట్లో ఆరుతుందంటారు?"

"ఒంటిగంటా నలభైకండి."

"అంత కచ్చితంగానా?"

"రోజూ అంతేనండి. ఎండాకాలమైనా ముసురు పట్టినా అదే టైము. ఒక్కోసారి సెలవు రోజుల్లో ఆరదు, ఆ రోజు నేను సీసా ముట్టుకోను."

ఆయన కలం కాగితం మీద కొద్దిసేపు ఆగింది. తర్వాత రాశాడు. ఏం రాశాడో పిన్నికి కనిపించలేదు కానీ స్కాలరమ్మాయికి కనిపించింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. సహాయకురాలు పొంతన లేకుండా మాట్లాడుతోంది, అని ఉంది అందులో.

పంపు ఆపాక గదిలో నూనె బుడగల చప్పుడొక్కటే మిగిలింది. పిన్ని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

ఒంటిగంటా నలభైకి గోడ అవతల టక్‌మని చిన్న చప్పుడైంది. బల్ల మీద ఊదారంగు మాయమైంది. టైమరు పెట్టిన దీపాలు, మొక్కలకి రాత్రి మొదలైంది. ఈ గదిలో మామూలు పసుపు బల్బు ఒక్కటే మిగిలింది.

పిన్ని మోకాలు పట్టుకుని లేచింది. "ఆరిందండి," అంది.

స్కాలరమ్మాయి మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయింది. "పిన్నీ... ఆరాక అంటే... లైటా?"

"మరింకేంటమ్మా?"

అమ్మాయి ముఖం పాలిపోయింది. మెల్లగా అరలోంచి పిన్ని నోటుబుక్కు తీసింది. ఎన్నో ఏళ్ళుగా మరకలు పడి అట్ట ఊడిన పుస్తకం. ఆ పేజీ తీసి పరిశీలకుడి ముందు పెట్టింది. ద్రావణం కలపడం, చల్లార్చడం, అన్నీ పొడిపొడి మాటల్లో ఉన్నాయి. చివరి వరస: *ఆరాక తియ్యాలి. ఎక్కువసేపు లాగొద్దు.*

"నేను దీన్ని పూర్తిగా ఎండిపోయాక అని అనుకున్నాను సార్," అంది. "అలాగే ఇంగ్లీషులో రాశాను. వాక్యూమ్‌లో నాలుగు గంటలు అని అంకె కూడా నేనే వేశాను. ఎక్కువసేపు లాగొద్దు అన్నది పంపు పాడవుతుందని రాసుకుందేమో అనుకున్నా."

"మరి మీకొచ్చిన స్ఫటికాలు?"

"నేను ఎప్పుడూ తియ్యలేదు సార్. సీసాలో పెట్టి సీలు వేసి పిన్ని ఇచ్చేది. పరీక్షలు మాత్రం నేను చేసేదాన్ని."

పరిశీలకుడు ఆ వరస మళ్ళీ చదివాడు. పెదవులు కదిలించి చదివాడు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. "కానివ్వండి," అన్నాడు పిన్నితో.

పిన్ని పనికి దిగింది. దిగాక ఆమె పొట్టి మనిషిలా కనిపించలేదు. ఎడమచేత్తో నైట్రోజన్ గొట్టం మెడ దగ్గర పట్టి, కుడిచేత్తో మూత సగం చుట్టు తిప్పి, ఆ సందులోంచే ద్రావణాన్ని జార్చింది. ఒక్క చుక్క అంచుకి అంటలేదు. ఈథరు ఐసులోంచి తీసి రెండుసార్లు పోసింది, మూడోసారి పోయలేదు. పంపు కుళాయి తెరిచి, పెదవులతో ఏదో లెక్కపెట్టి, మూసేసింది. నిమిషం కూడా కాలేదు. స్ఫటికాలు ఇంకా చెమ్మగా, తేనెటీగ వీపులా మెరుస్తుండగానే సీసాలో దింపి, నల్లకాగితం చుట్టింది.

"ఈ లైటు సంగతి మీకెవరు చెప్పారు?" అని అడిగాడు పరిశీలకుడు.

"ఎవరూ చెప్పలేదండి. పొద్దున తీసినవి పాడయ్యేవి, అన్నం తిన్నాక తీసినవి బాగుండేవి. నా కడుపు నిండితే చెయ్యి బాగుంటుందేమో అనుకున్నా చాన్నాళ్ళు. ఒకరోజు అన్నం తినకుండా తీశా. అదీ బాగుంది. అప్పుడు చుట్టూ చూశా. ఆ ఊదా వెలుగు పడుతుండగా తీసినవే పాడవుతున్నాయి."

ఆయన మొదటిసారి నవ్వాడు. నవ్వి, వెంటనే సర్దుకున్నాడు.

ఇన్‌ఫ్రారెడ్ యంత్రం పక్క గదిలో ఉంది. ముందు అమ్మాయి పొడి పెట్టారు. తెర మీద గీత ఎడమనుంచి కుడికి బల్లపరుపుగా సాగిపోయింది. ఇనుము వాయువుని పట్టుకుని ఉండి ఉంటే తెర కింది అంకెల్లో పదిహేడు వందల యాభై దగ్గర ఒకటి, పదిహేడు వందల ఎనభై దగ్గర ఒకటి, రెండు లోయలు పడాలి. పడలేదు. ఇది ఆయనకి అలవాటైన గీతే, తన గదిలో నాలుగుసార్లు చూశాడు. తర్వాత పిన్ని సీసా. గీత బయల్దేరింది, కొంతదూరం నడిచింది, దబ్బున ఒక లోయలో పడి లేచి మళ్ళీ పడింది. రెండు లోయలూ పక్కపక్కనే, నిట్టనిలువుగా ఉన్నాయి. ఆ తర్వాత చుక్కంత ద్రావణం మీద దీపం పట్టి, వాయువుని పసిగట్టే మందు కలిపారు. నీళ్ళలాంటి మందు గులాబీరంగుకి తిరిగింది.

ప్రొఫెసరు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. స్కాలరమ్మాయి ఏడ్చింది.

"ఏడవకమ్మా. లైటు అన్న మాట నేను రాయాల్సింది," అంది పిన్ని. "అందరికీ తెలిసిందే కదా అనుకున్నా."

పరిశీలకుడు అట్టకున్న కాగితం చింపి కొత్తది పెట్టుకున్నాడు. "నిజాయితీ విషయంలో నాకిక అనుమానం లేదు. కానీ ఒక్క మనిషి చేతిలోనే అయ్యేదాన్ని పద్ధతి అనరు. సోమవారం మళ్ళీ వస్తాను. ఈ అమ్మాయి ఒక్కతే చెయ్యాలి. ఈవిడ గదిలో ఉండకూడదు. స్ఫటికాలు సరిగ్గా వస్తే దిద్దుబాటు అచ్చువేద్దాం, డిగ్రీకి అడ్డు చెప్పను. రాకపోతే పేపరు వెనక్కి." తర్వాత పిన్ని వైపు తిరిగాడు. "దిద్దుబాటులో వెయ్యాలి, మీ పేరు?"

చెప్పింది.

"స్పెల్లింగు?"

ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో ఆమె పేరుకి స్పెల్లింగు అడిగినవాళ్ళు లేరు. పిన్ని ఒక్కో అక్షరం చెప్పింది, మధ్యలో తడబడి మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

సాయంత్రం దాకా పిన్ని ఖాళీ ఫ్లాస్కుతో, నీళ్ళతో అమ్మాయికి చేతిపని నేర్పింది. "అంత గట్టిగా కాదే తల్లీ. పిల్లి కూనని ఎత్తినట్టు ఎత్తు."

"కరుస్తుంది పిన్నీ."

"ఇదీ కరుస్తుంది. సోమవారం కరిస్తే నాలుగేళ్ళు పోతాయి నీకు. మళ్ళీ తిప్పు."

పదిహేడోసారి అంచుకి చుక్క అంటలేదు. పిన్ని ఇంకో మూడుసార్లు చేయించి వదిలింది.

ఇంటికెళ్ళేసరికి ఆరున్నర. మెట్లు ఎక్కి, చెప్పులు విడిచి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. అక్క కుట్టుమిషన్ దగ్గరే ఉంది. "ఏమన్నాడే పెద్దమనిషి?"

"నా పేరు స్పెల్లింగు అడిగాడక్కా."

"చెప్పగలిగావా?"

"రెండోసారికి."

అక్క నవ్వి, అంచు మడుస్తూ తన సంగతి ఎత్తుకుంది. ఆకుపచ్చ కర్టెన్లకి కొలతలిచ్చినావిడ మధ్యాహ్నం వచ్చి, రెండు అంగుళాలు పొట్టి అయ్యాయని గొడవ పడిందట. కొలిస్తే అచ్చంగా ఆవిడ చెప్పిన కొలతేనట. కిటికీ కొలవకుండా పాత కర్టెను కొలుచుకొచ్చిందట మహాతల్లి. "నేనూరుకున్నానా? పాతది ఉతికితే కుంచించుకుపోయింది, కొత్తదేం పాపం చేసిందమ్మా అన్నా. బాగా అన్నానా?" పిన్ని ఏమీ అనలేదు. అక్క ఒక వైపు కుట్టు పూర్తిచేసి, దారం కొరికి, రెండో వైపు మొదలుపెట్టింది. ఆవిడ మొగుడి గురించి కూడా ఒక మాట చెప్పింది. మామూలుగా అయితే ఈపాటికి, నీ నోటికి భయపడి ఊరంతా కిటికీలు పీకేస్తారే, అనో ఇంకేదో ఒక పుల్లవిరుపు రావాలి. రాలేదు. అక్క మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. తల తిప్పి చూసింది.

పిన్ని కళ్ళజోడు పెట్టుకునే ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. అరచేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. గుండె ఆగి పావుగంటైనా అయ్యుంటుందని కింద వాటాలో డాక్టరు వచ్చి చెప్పాడు.

పరీక్ష వాయిదా వేసుకోమని ప్రొఫెసరు అంది. పరిశీలకుడు కూడా ఫోనులో అదే అన్నాడు. స్కాలరమ్మాయి ఒప్పుకోలేదు. ఆదివారం ద్రావణం కలిపి ఆయన ముందే టేపు వేయించుకుంది. సోమవారం పొద్దున్నుంచి గోడవార స్టూలు మీద కూర్చుంది. ఒంటిగంటా నలభై దాటాక లేచి మూత సగం చుట్టు తిప్పింది. అంచుకి ఒక చుక్క అంటింది. ఆగింది, ఊపిరి బిగపట్టి మళ్ళీ వంచింది. నిమిషానికి కుళాయి మూసేసింది.

యంత్రం మీద గీత రెండుసార్లు లోయలో పడింది. పిన్ని తీసినదానంత లోతుగా లేవు. అయినా రెండే, పక్కపక్కనే. పరిశీలకుడు గ్రాఫు కింద తేదీ వేసి సంతకం చేశాడు. దిద్దుబాటు కాగితం మీద పేరు అక్షరం అక్షరం సరిచూసుకుని సంచిలో పెట్టుకున్నాడు. వెళ్ళేముందు ఖాళీ స్టూలు దగ్గర ఒక క్షణం ఆగాడు.

సాయంత్రం సామాను కడిగాక మూడో కుళాయి బిగుసుకుపోయింది. గ్రీజు రాయాలి. అమ్మాయి పై అరలో చెయ్యి పెట్టి వెతికితే ట్యూబు దొరికింది. పిన్ని వాడుతున్నదే. ఒక్క బొట్టూ వృథా కాకుండా తోక దగ్గర్నుంచి చాప చుట్టినట్టు గట్టిగా చుట్టి, ఆ చుట్ట విప్పుకోకుండా తలపిన్ను గుచ్చి ఉంది. అమ్మాయి మూత తీసి, బియ్యపుగింజంత గ్రీజు వేలి మీదికి నొక్కుకుంది. మూత పెట్టి ట్యూబుని అరలో ఎక్కడిదక్కడే పెట్టింది. ఇంకా సగానికి పైగా ఉంది. నలుపు పోయి మధ్యలో తెల్లగా అరిగిన తలపిన్ను, చుట్టని అలాగే పట్టుకుని ఉంది.